నక్షత్రాల చిట్టా: ఒక ఖగోళ శాస్త్ర శాఖ జమాఖర్చులు

విమర్శకు సాధారణంగా కథల పుస్తకమో, పాఠ్యగ్రంథమో, జీవితచరిత్రో తీసుకుంటారు. ఈసారి నేను ఎంచుకున్న గ్రంథంలో కథ లేదు, పాత్రలు లేవు. ముందుమాటలు దాటితే చదవదగ్గ వాక్యమే దొరకదు. పేజీ తరువాత పేజీ అంకెలే. హైదరాబాదులోని నిజామియా వేధశాల తయారు చేసిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు సంపుటాల సంగతి ఇది. వీటిని మొదటి నుంచి చివరి వరకు చదివినవారు ప్రపంచంలో ఎవరూ ఉండరు. అయినా తెలుగు నేల మీద ఒక విశ్వవిద్యాలయ శాఖ చేసిన శాస్త్రకృషిలో అతి పెద్దది, అతి ఎక్కువ కాలం పట్టినది బహుశా ఇదే. దీన్ని పొగిడే వ్యాసాలు చాలా వచ్చాయి. విలువ కట్టిన వ్యాసాలు తక్కువ. భౌతిక శాస్త్రమో ఖగోళ శాస్త్రమో చదవాలని మనసులో పెట్టుకున్న విద్యార్థికి పొగడ్త కన్నా విలువ కట్టడమే ఉపయోగం. ఒక శాఖలో చేరితే మీ జీవితంలో పదేళ్ళు దేనికి ఖర్చవుతాయో తెలుసుకోవాలంటే, అటువంటి శాఖ ఒకటి తన ముప్పయ్యేళ్ళను దేనికి ఖర్చు పెట్టిందో చూడడం మంచి దారి.

ఈ వ్యాసం అండమాన్ దీవుల్లోని ఫెరార్గంజ్‌లో కూర్చుని రాస్తున్నాను. కనుక ఆకాశం గురించిన ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను. హైదరాబాదులో ఉన్న పాఠకులు కొన్ని డిగ్రీలు సవరించుకుంటే సరిపోతుంది.

ముందు గ్రంథం పుట్టుక తెలియాలి. 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఖగోళ శాస్త్రజ్ఞులు ఒక సాహసానికి పూనుకున్నారు. ఆకాశం మొత్తాన్ని ముక్కలుగా విభజించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ అప్పగించి, అందరూ ఒకే కొలబద్దతో ఫొటోలు తీయాలి. సుమారు 11వ తరగతి ప్రకాశం వరకు ఉన్న నక్షత్రాలన్నిటి స్థానాలూ కొలిచి అచ్చు వేయాలి. పారిస్ వేధశాల అధిపతి అడ్మిరల్ మూషే దీనికి సూత్రధారి. పథకం మొదలైనప్పుడు చేరిన వేధశాలలు 18. పదిహేనేళ్ళలోనో ఇరవయ్యేళ్ళలోనో పూర్తవుతుందనుకున్నారు. అర్ధ శతాబ్దం దాటింది.

ఈ పంపకంలో హైదరాబాదుకు మొదట చోటు లేదు. అప్పటికి అక్కడ వేధశాలే లేదు. 1901లో నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలోని తన ఆవరణలో వేధశాల నెలకొల్పాడు. ఆయన 1907లో మరణించాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు మారింది. ఛాయాచిత్రాలు తీయడానికి కుక్ కంపెనీ వారి 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్ ఉండేది. మొదటి డైరెక్టరు చాట్‌వుడ్ హయాంలో భవనాలు, పరికరాలు ఒక కొలిక్కి వచ్చాయి. 1914లో వచ్చిన రాబర్ట్ పోకాక్ ఆక్స్‌ఫర్డ్‌లో టర్నర్ దగ్గర ఈ విద్యలోనే ఆరితేరినవాడు. ఆయన 1918లో మరణించగా ఆ పనిని అందుకున్న టి.పి. భాస్కరన్ 1944 దాకా నడిపాడు. ఆయన వెనుక అక్బర్ అలీ.

వారికి దక్కిన పట్టీలు రెండూ ఒకరు వదిలేసినవే. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల క్రాంతి వరకు ఉన్న మండలం మొదట చిలీలోని శాంటియాగో వేధశాలది. అక్కడ ముందుకు సాగలేదు. ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల మండలం జర్మనీలోని పోట్స్‌డామ్ వారిది. వారు ఫొటోలు తీశారు కాని పని ముగించలేదు. (క్రాంతి అంటే ఖగోళ మధ్యరేఖ నుంచి నక్షత్రానికి ఉన్న కోణదూరం. భూమి మీద అక్షాంశం ఎటువంటిదో ఆకాశంలో క్రాంతి అటువంటిది.) దక్షిణ మండలం ఛాయాచిత్రాలు 1914 నుంచి 1929 వరకు, ఉత్తర మండలానివి 1928 నుంచి 1938 వరకు తీశారు. ఇతరులు చేతులెత్తేసిన వాటాను, ఆలస్యంగా వచ్చిన ఒక చిన్న వేధశాల పూర్తి చేసింది. ఇది జమ పద్దులో మొదటి అంకె. దాన్ని ఎవరూ కొట్టివేయలేరు.

పని ఎలా జరిగేది?

గాజు పలక మీద 5 మిల్లీమీటర్ల ఎడంతో సన్నని నిలువు, అడ్డ గీతల గళ్ళు ముందుగానే ముద్రించేవారు. ఆ పలకను దూరదర్శినికి అమర్చి ఆకాశం వైపు తెరిచేవారు. ఈ పథకం నిర్ణయించిన కొలబద్ద ప్రకారం పలక మీద ఒక మిల్లీమీటరు, ఆకాశంలో ఒక కోణ నిమిషం. అంటే ఒక పలకలో పట్టేది రెండు డిగ్రీలకు కొంచెం ఎక్కువ. పక్కపక్కన పెట్టిన నాలుగు పున్నమి చంద్రుల వెడల్పు. దక్షిణ మండలం ఒక్కదానికే ఇటువంటి పలకలు పన్నెండు వందలకు పైగా కావాలి. కడిగి ఆరబెట్టిన పలకను కొలిచే యంత్రం మీద పెట్టి, సూక్ష్మదర్శినిలోంచి చూస్తూ, ప్రతి నల్లచుక్కా దాని గడిలోని గీతలకు ఎంత దూరంలో ఉందో రెండు దిశల్లో చదవాలి. చదివింది రాయాలి. పలకను తిప్పి పెట్టి మళ్ళీ చదవాలి. రెండింటి సగటు తీయాలి. తరువాతి చుక్క.

ఒక నక్షత్రం కనీసం రెండు పలకల మీద పడేలా మండలాన్ని అతివ్యాప్తి చేసేవారు. ఇది మంచి పద్ధతి. ఒక పలకలో దొర్లిన తప్పు రెండో పలకలో బయటపడుతుంది. అయితే ఇక్కడే మన పత్రికలు పడే పొరపాటు ఒకటుంది. నిజామియా వేధశాల 7,63,542 నక్షత్రాలను ‘కనుగొన్నది’ అని రాసే అలవాటు మనవారికి ఉంది. కనుగొనడం కాదు, కొలవడం. పైగా ఆధునిక గణన ప్రకారం రెండు మండలాల్లోనూ కలిపి వేరువేరు నక్షత్రాలు సుమారు 4,40,000. మిగిలింది ఒకే నక్షత్రాన్ని ఒకటికి రెండుసార్లు కొలిచిన లెక్కేనని నా అభిప్రాయం. సంఖ్య తగ్గినందువల్ల గౌరవం తగ్గదు. ఒకే చుక్కను రెండు పలకల మీద కొలిచి, రెండూ కలిశాయో లేదో చూసుకున్నవాడే మంచి శాస్త్రజ్ఞుడు.

మరో మాట. మనం చెప్పుకునే కథలో డైరెక్టర్ల పేర్లే వినిపిస్తాయి. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి లక్షల చుక్కలు చదివినవారు, పెన్సిలుతో సగటులు తీసినవారు వేరు. వాటికన్ వేధశాల వాటాలో ఈ కొలత పని చేసిన నలుగురు క్రైస్తవ సన్యాసినుల ఫొటో ప్రపంచమంతా చూసింది. హైదరాబాదు గణకుల గురించి అటువంటి ఫొటో ఒక్కటి మన పాఠ్యపుస్తకాల్లో ఎన్నడూ చూడలేదు.

ఆ పట్టీలో ఏమున్నాయి?

ఇన్ని అంకెలు విని విసుగు చెందకముందే ఒకసారి బయటికి వచ్చి తల ఎత్తండి. హైదరాబాదు వారి దక్షిణ మండలం మీకు పరిచయం లేనిది కాదు. పంచాంగంలో రోజూ వినే హస్తా నక్షత్రపు తారల్లో కొన్ని, అనూరాధలోని పై రెండు తారలు ఈ పట్టీలోనే ఉన్నాయి. ఏప్రిల్ నెలలో రాత్రి పది గంటల వేళ ఫెరార్గంజ్ నుంచి చూస్తే హస్త దక్షిణ దిక్కున, దిక్చక్రానికి దాదాపు 60 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇక్కడ వర్షాలు మేలో మొదలై డిసెంబరు దాకా తెరిపి లేకుండా వస్తాయి గనుక, ఆకాశం చూడడానికి జనవరి నుంచి ఏప్రిల్ వరకే మంచి కాలం. ఉత్తర మండలంలో అభిజిత్తు ఉంది. దాని కన్నా ముఖ్యమైనది, హంస రాశిలో కంటికి ఆనీఆనకుండా ఉండే 61 సిగ్నీ అనే చిన్న తార కూడా ఉంది. భూమి నుంచి దూరం కొలవగలిగిన మొట్టమొదటి నక్షత్రం అదే. 1838లో బెసెల్ కొలిచాడు. దానితో మనకు చివర్లో పని ఉంది.

ఫెరార్గంజ్ 11.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హైదరాబాదు 17.4 డిగ్రీలు. ఈ ఆరు డిగ్రీల తేడా దక్షిణాకాశం విషయంలో చాలా పెద్దది. అగస్త్య నక్షత్రం హైదరాబాదులో 20 డిగ్రీల ఎత్తుకు వస్తే ఇక్కడ 26 డిగ్రీలకు వస్తుంది. మన పొరుగు తార ఆల్ఫా సెంటారీ అక్కడ 12 డిగ్రీలు, ఇక్కడ 17 దాటుతుంది. పెద్ద మెగెల్లాన్ మేఘం అక్కడ దిక్చక్రపు ధూళిలో కలిసిపోతుంది; ఇక్కడ 9 డిగ్రీలు లేస్తుంది. చీకటి మాత్రం త్వరగా వస్తుంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఈ ఊరు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల ఇక్కడ సూర్యుడు గడియారం కన్నా 40 నిమిషాలు ముందు నడుస్తాడు. ఏప్రిల్ 21 ప్రాంతంలో, ఆగస్టు 22 ప్రాంతంలో మధ్యాహ్నం నీడ పూర్తిగా కాలి కిందికి చేరే క్షణం 12 గంటలకు కాదు, 11.20కి అటూఇటూగా వస్తుంది. ఒక నిటారు కర్ర, ఒక చేతి గడియారం ఉంటే చాలు, మీ ఊరి రేఖాంశం మీరే కనుక్కోవచ్చు.

ప్రసక్తి వచ్చింది గనుక ఒక చిన్న సంగతి. ఈ ఊరికి పేరు ఇచ్చిన కర్నల్ మైకేల్ ఫెరార్ 1923 నుంచి 1931 వరకు ఈ దీవులకు చీఫ్ కమిషనరు. అవి హైదరాబాదులో దక్షిణ మండలం పలకలు తీస్తున్న సంవత్సరాలు కూడా. ఆయనకు సీతాకోకచిలుకలు సేకరించే వ్యసనం. అండమాన్, నికోబార్ల సీతాకోకచిలుకల జాబితా ఒకటి ప్రకటించాడు. అది జాబితాల యుగం. ఏది ఎక్కడ ఉందో రాసిపెట్టడమే శాస్త్రంలో సగం అనుకున్న కాలం. ఆ భావనలో తప్పు లేదు. మిగిలిన సగం ఏమిటన్నదే ప్రశ్న.

గ్రంథపు లోపాలు

మొదటి లోపం అచ్చులోనే ఉంది. ఈ సంపుటాల్లో నక్షత్రానికి ఎదురుగా మీకు కనిపించేది ఆకాశంలో దాని స్థానం కాదు. పలక మీద దాని అడ్డ, నిలువు కొలతలు. వాటి నుంచి అసలు స్థానం రాబట్టాలంటే ఆ పలకకు ఇచ్చిన స్థిరాంకాలు తీసుకుని, ఒక్కొక్క నక్షత్రానికీ లెక్క కట్టాలి. చేతి లెక్కల కాలంలో దానికి ఎవరికీ ఓపిక లేదు. ఇది హైదరాబాదు తప్పు కాదు, పథకం మొత్తం అలాగే నిర్ణయించింది. అయినా ఫలితం ఒక్కటే. గ్రంథం అచ్చయి గ్రంథాలయాల్లో అలమారా ఎక్కింది. దశాబ్దాల తరబడి దిగలేదు.

రెండో లోపం లోతైనది. దానికోసం ఇంకొక గ్రంథం పక్కన పెట్టి చూడాలి. హైదరాబాదులో పలకలు కొలుస్తున్న ఆ సంవత్సరాల్లోనే, 1918 నుంచి 1924 వరకు, అమెరికాలో హార్వర్డ్ వేధశాల హెన్రీ డ్రేపర్ కేటలాగు ప్రచురించింది. అదీ అంకెల జాబితానే. అదీ గాజు పలకల మీద చుక్కల్ని ఒక్కొక్కటిగా చూసి చేసిన చాకిరీయే. 2,25,300 నక్షత్రాలను ఆనీ కానన్ వర్గీకరించింది. అందుకు వాడిన పలకల్లో చాలా భాగం 8 అంగుళాల దూరదర్శినులతో తీసినవి. హైదరాబాదు ఆస్ట్రోగ్రాఫ్ కూడా 8 అంగుళాలదే! తేడా ఒక్కటి. హార్వర్డ్ వారు కటకం ముందు పట్టకం పెట్టారు. చుక్క కాస్తా చిన్న వర్ణపటంగా సాగింది. ‘ఈ నక్షత్రం ఎక్కడ ఉంది?’ అనే ప్రశ్నకు బదులు ‘ఈ నక్షత్రం ఎటువంటిది?’ అనే ప్రశ్న వేశారు. 1920లో మేఘనాథ్ సాహా ఆ వర్ణపటాలకు అర్థం చెప్పే సమీకరణం ఇచ్చాడు. 1925లో సిసిలియా పేన్ ఆ సమీకరణాన్ని హార్వర్డ్ పలకలకు ఉపయోగించి, నక్షత్రాల్లో అత్యధికంగా ఉండేది హైడ్రోజన్ అని చూపించింది. జాబితా పూర్తయిన ఏడాదిలోనే దాని నుంచి విశ్వం ఏ పదార్థంతో తయారైందో తెలిసింది.

సమీకరణం భారతీయుడిది. సమాన వైశాల్యం గల కటకం భారతదేశంలో ఉంది. రెండూ కలవలేదు. ఇది నాకు నిజామియా చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే పద్దు.

వెంటనే సమాధానం కూడా వినాలి. హార్వర్డ్‌కు ఉన్న సిబ్బంది, ధనం, దశాబ్దాల పలకల నిల్వ హైదరాబాదుకు లేవు. చిన్న వేధశాల అంతర్జాతీయ పథకంలో ఒక వాటా తీసుకుంటే, దాని కొలత ప్రపంచ ప్రమాణానికి తూగుతుంది. ఒంటరిగా కొత్త ప్రశ్న వేస్తే అది ఎవరి చెవికీ సోకకుండా పోవచ్చు. పోకాక్ ఎంపిక జాగ్రత్త గల మనిషి ఎంపిక. ఐరోపాలోనే పెద్ద వేధశాలలు ఈ పథకంలో చిక్కుకుని ఖగోళ భౌతిక శాస్త్రంలో అమెరికా కన్నా వెనుకబడ్డాయని చరిత్రకారులు చాలాకాలంగా అంటున్నారు. ఆ నింద మోయాల్సింది పారిస్, హైదరాబాదు కాదు. కాని పోకాక్ తరువాత? 1929లో దక్షిణ మండలం పలకలు పూర్తయినప్పుడు ఒక ఊపిరి పీల్చుకునే అవకాశం వచ్చింది. అప్పటికి సాహా పేరు లోకమంతా తెలుసు. ఆ సమయంలో మళ్ళీ అదే రకం పనిని, పోట్స్‌డామ్ వదిలిన మండలాన్ని, తలకెత్తుకున్నారు. అస్థిర తారలను, చంద్రుడు నక్షత్రాలను కప్పే ఘట్టాలను 15 అంగుళాల దూరదర్శినితో చూస్తూ ఉండేవారు, నిజమే. అయినా ప్రధాన శక్తి జాబితాకే పోయింది. ఈ రెండో నిర్ణయాన్ని నేను సమర్థించలేను.

ఎనభై ఏళ్ళ తరువాత వచ్చిన జవాబు

ఇంత కటువుగా మాట్లాడాక, గ్రంథం తన పక్షాన చెప్పుకోగల మాట చెప్పకపోతే అన్యాయం. అది బలమైన మాటే.

నక్షత్రాలు కదులుతాయి. ఆకాశంలో ఒక నక్షత్రం ఏడాదికి జరిగే కోణాన్ని స్వీయ గమనం అంటారు. అది అతి స్వల్పం. దాన్ని కొలవడానికి రెండు దారులు: చాలా సూక్ష్మంగా కొలవడం, లేదా చాలాకాలం ఆగి కొలవడం. మాదిరికి లెక్క చేద్దాం. ఒక నక్షత్రం ఏడాదికి 0.02 కోణ సెకన్లు జరుగుతుందనుకోండి. 1920 నుంచి 2000 వరకు 80 ఏళ్ళలో 1.6 సెకన్లు. పలక మీద 60 సెకన్లకు ఒక మిల్లీమీటరు కనుక ఇది 0.027 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం కన్నా తక్కువ. హైదరాబాదు వంటి చోట్ల పాత పలకల కొలతల్లో దోషం సుమారు 0.3 సెకన్లు. దాన్ని 80తో భాగిస్తే ఏడాదికి 0.004 సెకన్ల దోషంతో గమనం తెలుస్తుంది. కాలం దోషాన్ని అరగదీసింది.

1989లో ఐరోపా వారు ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం 1993 వరకు పనిచేసింది. దాని సహాయక పరికరమైన టైకో పాతిక లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. కాని ఆ కొద్ది ఏళ్ళ కొలతలతో మాత్రమే స్వీయ గమనం కడితే దోషం పది రెట్లకు పైగా ఎక్కువ వస్తుంది. ఒక పాత స్థానం కావాలి. ఆకాశం మొత్తానికీ, అంత మసక తారల దాకా, అంత పాత కొలత ఎక్కడ ఉంది? అలమారాల్లో ఉంది. మాస్కోలోని స్టెర్న్‌బర్గ్ సంస్థ, అమెరికా నౌకాదళ వేధశాల మొదలైనవారు ఆ అచ్చు సంపుటాలను కంప్యూటరుకు ఎక్కించారు. పలక కొలతలను ఆకాశ స్థానాలుగా మార్చారు. 1997లో ఏసీ 2000 పేరుతో 46 లక్షల నక్షత్రాల సూచి వెలువడింది. దాన్ని ఆధారం చేసుకుని 2000లో టైకో-2 కేటలాగు 25 లక్షల నక్షత్రాల స్వీయ గమనాలు ఇచ్చింది. అప్పటికి బేగంపేటలో పలకలు కడిగినవారిలో బతికి ఉన్నవారు బహుశా ఎవరూ లేరు.

ఇక్కడితో ఆపితే కథ చాలా అందంగా ఉంటుంది. మన పత్రికలు ఇక్కడే ఆపుతాయి. కాని శాస్త్రం ఆగలేదు. 2013లో ప్రయోగించిన గయా ఉపగ్రహం 2018 నాటి రెండో విడుదలలో నూరు కోట్లకు పైగా నక్షత్రాల గమనాలను తన సొంత కొలతలతోనే ఇచ్చింది. 2022 నాటి మూడో విడుదల ఇంకా సూక్ష్మం. ప్రకాశవంతమైన తారల్లో దాని దోషం పాత పలకల దారిన వచ్చేదానికన్నా వంద రెట్లకు పైగా తక్కువ. గయా 2025 జనవరిలో పరిశీలనలు ముగించింది, మార్చిలో దాన్ని ఆపివేశారు. అంటే 1914లో మొదలైన కొలత 2000లో పండింది. 2018 నాటికి దాని ప్రధాన ప్రయోజనం తీరిపోయింది. ఎనభై ఏళ్ళ నిరీక్షణ, పద్దెనిమిదేళ్ళ ఉపయోగం. ఒకదాని చుట్టూ ఒకటి వందల ఏళ్ళ కాలవ్యవధిలో తిరిగే జంట తారల వంటి కొన్ని విషయాల్లో పాత స్థానాలు ఇంకా పనికొస్తాయి. గయా పదేళ్ళలో చూసింది సరళరేఖలా కనిపించినా, వందేళ్ళలో వంపు తేలుతుంది. కాని అవి కొద్ది.

కనుక ఈ గ్రంథం అమరం అనేవారితో నేను ఏకీభవించను. వృథా అనేవారితో అసలే ఏకీభవించను. అది ఒక అప్పు. ఒక తరం ఇచ్చింది, మూడో తరం వాడుకుంది, వడ్డీతో సహా తీరింది.

వేధశాల, తరగతి గది

శాఖ చరిత్రలో నేను అసలు నిలదీయదలచిన సంగతి వేరే ఉంది. నిజామియా వేధశాల 1919లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక ఖగోళ శాస్త్ర శాఖ ఏర్పడింది 1959లో. మధ్యలో నలభై ఏళ్ళు! దూరదర్శిని విశ్వవిద్యాలయానిది, విద్యార్థులూ విశ్వవిద్యాలయం వారే, కాని వారికీ దానికీ మధ్య ఒక శాఖ అనే వంతెన లేదు. జాబితా పనికి విద్యార్థులు అక్కర్లేదు, ఉద్యోగులు చాలు. ప్రశ్న వేసే పనికి విద్యార్థులు కావాలి. నేను పైన చెప్పిన రెండో లోపానికి మూలం ఇదేనేమో.

ఈ వాదానికి ఎదురుసాక్ష్యంగా వైనూ బాప్పు పేరు చెబుతారు. ఆధునిక భారత ఖగోళ శాస్త్రానికి పునాది వేసిన ఆయన హైదరాబాదులో పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు. 1949లో హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే తోకచుక్కను కనుగొన్నాడు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్రపు వర్ణపటంలో కాల్షియం రేఖ వెడల్పును బట్టి దాని అసలు ప్రకాశం తెలుసుకోవచ్చని చూపించాడు. కాని గమనించండి. ఆయన తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. పిల్లవాడికి దూరదర్శిని దొరికింది ఇంటి ద్వారా, తరగతి ద్వారా కాదు. అది శాఖ గొప్పతనానికి సాక్ష్యం కాదు; అటువంటి శాఖ ఉంటే ఇంకెందరు తయారయ్యేవారో అన్నదానికి సాక్ష్యం.

శాఖ వచ్చాక పని మారింది. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం దాన్ని ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. నగరపు దీపాల వెలుగు తప్పించుకోవడానికి ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని 1968లో నెలకొల్పారు. అప్పటికి దేశంలో అదే పెద్దది. గ్రహణ యుగ్మ తారల కాంతిని కొలిచి వాటి ద్రవ్యరాశులు, వ్యాసార్ధాలు రాబట్టే పని అక్కడ నిలకడగా సాగింది. కె.డి. అభ్యంకర్ వంటి అధ్యాపకులు విద్యార్థులను తయారు చేశారు, పాఠ్యగ్రంథం రాశారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ సరిగ్గా ఆ వేధశాల మీదుగానే పోయింది. కాని 2000 తరువాతి సంవత్సరాల్లో ఆ దూరదర్శిని గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు ఎక్కువగా అది పనిలో లేకపోవడం గురించే. అద్దానికి పూత పూయాలి, మోటార్లు మార్చాలి, కొత్త కెమెరా పెట్టాలి. ఇవన్నీ ప్రతి పదేళ్ళకూ మళ్ళీ మళ్ళీ చేయవలసిన ఖర్చులు. దూరదర్శిని కొనడానికి డబ్బు ఇచ్చేవారు దాన్ని నడపడానికి ఇవ్వరు. మన దేశంలో ఒక్క ఉస్మానియాకే పట్టిన జబ్బు కాదిది.

ఈ దీవుల విద్యార్థికి ఇదంతా దూరపు కథలా అనిపించవచ్చు. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) 1967లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం ఉంది. ఖగోళ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చేయాలంటే మాత్రం సముద్రం దాటాలి. దాటేటప్పుడు చూడవలసింది దూరదర్శిని అద్దం ఎన్ని అంగుళాలన్నది కాదు. అక్కడి విద్యార్థి గత ఏడాది స్వయంగా ఏమి కొలిచాడు, ఆ కొలతతో ఏ ప్రశ్నకు జవాబు వెతికాడు? ఈ రెండూ అడగండి. మొదటిదానికి జవాబు లేకపోతే అది పుస్తకాల శాఖ. రెండోదానికి లేకపోతే జాబితాల శాఖ.

ఈలోగా ఇక్కడే చేయదగ్గ పని ఒకటి ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల తంతి ఈ దీవులకు చేరింది. అంతకుముందు ఉపగ్రహం మీద ఆధారపడిన ఇంటర్నెట్టులో పెద్ద సమాచారం రాబట్టడం గగనం. ఇప్పుడు ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ కేంద్రం ఉచితంగా ఇచ్చే కేటలాగుల్లో ఏసీ 2000, గయా రెండూ ఫెరార్గంజ్‌లో తెరుచుకుంటాయి. హైదరాబాదు మండలంలో ఉన్న 61 సిగ్నీని రెండింటిలోనూ వెతకండి. పాత స్థానంలో వెతికితే కొత్త కేటలాగులో అది అక్కడ దొరకదు. ఆరు కోణ నిమిషాలకు పైగా ఈశాన్యానికి జరిగి ఉంటుంది. పాత పలక మీదైతే ఆరు మిల్లీమీటర్ల పైమాటే. రెండు స్థానాల తేడాను సెకన్లలోకి మార్చి, నడిచిన సంవత్సరాలతో భాగించండి. క్రాంతిలో తేడాను నేరుగా తీసుకోవచ్చు. అడ్డదిశ తేడాను మాత్రం 38.7 డిగ్రీల కొసైన్‌తో గుణించాలి, లేకుంటే జవాబు తప్పుతుంది. ఏడాదికి 5.2 సెకన్ల దగ్గర వస్తే మీ లెక్క సరైనదే. తరువాత అదే పట్టీలో పేరు లేని పది మసక తారలు తీసుకుని అదే లెక్క చేసి, మీ జవాబును గయా ఇచ్చిన గమనంతో పోల్చండి. ఏ తారలో ఎంత తేడా వచ్చిందో చూస్తే బేగంపేట పలకల దోషం ఎంతో మీకే తెలుస్తుంది.

61 సిగ్నీని కంటితో చూడాలంటే డిసెంబరులో వాన తెరిపి ఇచ్చిన రోజు, సాయంత్రం ఆరున్నరకు వాయవ్య దిక్కున, దిక్చక్రానికి 35 డిగ్రీల ఎత్తున వెతకాలి. దీపాలకు దూరంగా ఉండాలి. మామూలు బైనాక్యులర్స్‌ను కదలకుండా ఆనించి పట్టుకుంటే ఒకటి కాదు, రెండు తారలు కనిపిస్తాయి.